కొండమీది డాక్టరమ్మ – పదమూడో భాగం: జీపులో వచ్చిన రెండో కాగితం

పోయిన వారం డాక్టర్ ఎనెల్సాను కాఫీ సహకార సంఘం ఆఫీసులో, చెవికి టెలిఫోను ఆనించుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఆరోయో ఓండో కొండ మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే, అవతలి మాట గుమ్మం దాకా వినబడే పాతది. అవతల అమెరికాలోని టాంపా నుంచి తమ్ముడు రోహెలియో మాట్లాడుతున్నాడు. "అక్కా, నిన్ను వెనిజులా పంపుతున్నారటగా. వెళ్ళు, సంతోషంగా వెళ్ళు. కరాకస్‌లో దిగాక మెల్లగా సరిహద్దు దాటి బొగోతా చేరుకో. అక్కడ అమెరికా రాయబార కార్యాలయంలో క్యూబా డాక్టర్నని చెప్పు, చాలు. వాళ్ళే వీసా ఇచ్చి పిలుస్తారు. ఇక వెనక్కి తిరిగి చూడకు" అన్నాడు. ఆమె సరేననలేదు, కుదరదనీ అనలేదు. ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి గుమ్మంలో సంఘం మేస్త్రీ వాల్ఫ్రీదో ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో, ఎంత విన్నాడో ఆమెకు తెలియలేదు.

గురువారం సాయంత్రం తెలిసింది. అదీ ఊరందరి ముందూ.

నవంబరు నెలాఖరు. కాఫీ పళ్ళు కోతకొచ్చి ఇంటిల్లిపాదీ తోటల్లోనే ఉంటున్న రోజులు. అయిదు కొట్టేసరికి వైద్యశాల ముందు జనం పోగయ్యారు. కొందరు నడుముకు కట్టుకున్న బుట్టలు విప్పకుండానే వచ్చి నేల మీద చతికిలబడ్డారు. అరవై మంది దాకా ఉంటారు. కింద పట్నం నుంచి ఆరోగ్య శాఖ డైరెక్టరు ఎల్పీదియో జీపులో వచ్చాడు. బట్టతల, బొద్దు మీసం, చంకలో ఎప్పుడూ ఉండే తోలు సంచి. కుర్రతనంలో అంగోలా యుద్ధంలో నర్సుగా పనిచేసిన మనిషి. ఇప్పుడు ఎక్కడ ఏ మందు లేదో ఊరూరా తిరిగి చెప్పుకోవడమే ఆయన ఉద్యోగమైపోయింది.

గుమ్మం పక్కన ఊగుడు కుర్చీలో ఎనెల్సా తల్లి క్లెమెన్సియా, ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ, చిన్న పైపు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన నేల మీద ఎనెల్సా కూతురు యానిసె. గ్వాంతానమో పట్నం ఆసుపత్రిలో కొత్తగా డాక్టరైన పిల్ల. తల్లికి వీడ్కోలు చెప్పడానికి మధ్యాహ్నమే కొండెక్కి వచ్చింది. అలాగని ఎనెల్సా అనుకుంటోంది.

"కామ్రేడ్స్" అని మొదలుపెట్టాడు ఎల్పీదియో. "మన డాక్టర్ ఎనెల్సా లిమోంతాను వెనిజులా పంపడానికి ఎంపిక చేశారు. ఇది మన ఊరంతటికీ గౌరవం. రెండేళ్ళు. రెండంటే రెండే. ఈలోగా మీకు లోటు రాకుండా కింద నుంచి డాక్టరు వస్తాడు. మంగళవారం, శుక్రవారం."

"అయితే మిగతా అయిదు రోజులూ జబ్బు పడకూడదన్నమాట" అంది క్లెమెన్సియా, పైపు తీయకుండానే. "మంచిది నాయనా. నా మోకాళ్ళకి చెప్పి చూస్తాను."

జనం గొల్లున నవ్వారు. ఎల్పీదియో కూడా నవ్వాడు. ఆ నవ్వులోంచే వాల్ఫ్రీదో లేచాడు.

నలభైకి కాస్త అటూ ఇటూ వయసు. ఎండకు నల్లబడిన పొడుగాటి మనిషి. అతని వెనక బల్ల మీద భార్య మిరెల్దా, ఏడో నెల కడుపుతో, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది. అంతకుముందు రెండు కాన్పులు చేతికి దక్కలేదు. రెండోసారి ఈమే దక్కకుండా పోవాల్సింది. వానలో, బురదలో, పదకొండు కిలోమీటర్లు నలుగురు మనుషులు మంచం మోసుకుంటూ దిగితే, రక్తం ఆపడానికి పిడికిలి నొక్కిపట్టి మంచం పక్కనే నడిచింది ఎనెల్సా. దారి పొడుగునా ఆ చెయ్యి తీయలేదు. ఆ మంచం ముందు కోడు పట్టింది వాల్ఫ్రీదోనే.

"నాకు రాజకీయం తెలీదనుకోకండి కామ్రేడ్. రేడియో నేనూ వింటాను" అన్నాడతను. "వెనిజులా వాళ్ళు మనకి చమురిస్తారు. మనం వాళ్ళకి డాక్టర్లనిస్తాం. అంతేగా? ఒక్కో డాక్టరుకి ఎన్ని పీపాలో చెప్పండి. మా డాక్టరమ్మ కాస్త బరువైన మనిషి, ఓ నాలుగెక్కువే రావాలి."

ఈసారి ఎనెల్సాకే ముందుగా నవ్వొచ్చింది. "ఒరేయ్, నన్ను తూకం వేసేముందు నీ కాఫీ తూకం సరిచూసుకో" అంది. వెనక ఎవరో ఈల వేశారు.

ఎల్పీదియో మాత్రం నవ్వలేదు. సంచి కింద పెట్టి, మామూలు గొంతుతో అన్నాడు. "అవును, ఇస్తున్నాం. దాపరికం ఎందుకు? కింద ఆసుపత్రిలో గర్భిణులకు స్కానింగ్ తీసే యంత్రం ఏడాదిగా మూలపడి ఉంది. దాన్ని చేసిన కంపెనీని అమెరికా వాళ్ళు కొనేశారు. ఆ మర్నాటి నుంచి మనకి ఒక్క మర కూడా అమ్మరు. ఇంకో దేశం తిరిగి, మూడో మనిషి చేతి మీదుగా తెచ్చుకోవాలి. దిగ్బంధమంటే రేడియోలో మాట కాదయ్యా, నా రోజువారీ బతుకు. ఈ దేశం దగ్గర ఇవ్వడానికి ఏముంది చెప్పు? చక్కెర వ్యాపారం పోయింది. మిగిలింది చదువుకున్న చేతులు. అవే ఇస్తున్నాం. తీసుకున్నవాళ్ళెవరూ బాగోలేదనలేదు."

"బాగున్నాయని మాకూ తెలుసు. అందుకే అడుగుతున్నాం, మాకెందుకు ఉంచరు అని."

"రెండేళ్ళే కదా వాల్ఫ్రీదో."

"రెండేళ్ళా?" అతను ఎల్పీదియోను వదిలేసి ఎనెల్సా వైపు తిరిగాడు. గొంతు మారిపోయింది. "డాక్టరమ్మా, మీరే చెప్పండి. ఆదివారం మీ తమ్ముడు ఫోన్లో ఏమన్నాడో ఇక్కడ చెప్పండి. కరాకస్ నుంచి బొగోతా దారేదో ఈ కామ్రేడ్‌కి కూడా చెప్పండి. రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళైనా మీరు తిరిగి రారు."

జనం తలలు ఒక్కసారిగా ఎనెల్సా వైపు తిరిగాయి.

యానిసె చివ్వున లేచింది. "సిగ్గు లేదూ నీకు? ఒకళ్ళ ఫోను దొంగచాటుగా విని, దాన్ని సభలో..."

"కూర్చో అమ్మాయ్" అంది ఎనెల్సా.

"అది కాదమ్మా" అని యానిసె వాల్ఫ్రీదో వైపు తిరిగింది. "మా అమ్మ పాకిస్తాన్ వెళ్ళి తిరిగి రాలేదా? భూకంపం వచ్చినప్పుడు మంచులో, గుడారంలో ఆర్నెల్లు ఉండి..."

"అక్కడ వీసా ఇచ్చి పిలిచేవాడు లేడు" అన్నాడు వాల్ఫ్రీదో.

"కూర్చోమన్నానా!"

యానిసె కూర్చుంది. ముసలావిడ ఊగుడు కుర్చీ ఆపేసింది.

ఎల్పీదియో రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఎనెల్సాను పందొమ్మిదేళ్ళుగా ఎరుగును. ఒకడుగు ముందుకొచ్చి, ఆమెకు మాత్రమే చెప్తున్నట్టుగా, కానీ అందరికీ వినబడేలాగే అన్నాడు. "ఫోన్లో గరగరమంటుంది. సగం మాటలు వినబడవు. పైగా అవతలివాడు ఏదో అంటే ఇవతలివాళ్ళ తప్పా? డాక్టర్ గారూ, మీరు ఒక్కసారి 'అలాంటిదేం లేదు' అనండి. నేను సంతకం తీసుకుని చీకటి పడకముందే కొండ దిగిపోతాను."

దారి అంత తేలిక. ఒక్క మాటతో అయిపోయేదే. వాల్ఫ్రీదో మాట మీద ఎవరు నిలబడతారు? ఎనెల్సా అతని వైపు చూసింది. అతని మొహంలో కోపం కోసం వెతికితే కనిపించింది భయం. ఆ వానరోజు మంచం కోడు పట్టుకుని వెనక్కి తిరిగి తిరిగి చూసినప్పటి మొహమే అది. ఈ మనిషిని అబద్ధాలకోరును చేసి విమానం ఎక్కడం ఆమెకు చేత కాలేదు.

"వాల్ఫ్రీదో చెప్పింది నిజం" అంది.

జనంలో కదలిక పుట్టింది. ఎల్పీదియో కళ్ళు మూసుకుని తెరిచాడు.

"నా తమ్ముడు రమ్మన్నాడు. నేను రానని అనలేదు. అంతవరకు ఇతను విన్నాడు. ఇతను విననిది కూడా చెప్తాను. ఆదివారం నుంచి మూడు రోజులు, వెళ్ళిపోవాలనే అనుకున్నాను."

"అమ్మా!" అంది యానిసె.

"విను. వీళ్ళంతా వినాలి. మొన్న మే నెలలో దున్న కుమ్మి ఎగ్నాసియో కొడుకు చెయ్యి విరిగింది గుర్తుందా? కింద ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ము లేదు. వేళ్ళతో తడిమి ఎముక కూర్చాను. ఆ చెయ్యి ఇవాళ్టికీ వంకరే. వాడు నన్ను చూసినప్పుడల్లా ఆ చేత్తోనే దణ్ణం పెడతాడు. నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఉబ్బసం పిల్లలకి పీల్చే మందు లేక ఎన్నిసార్లు వేణ్ణీళ్ళ ఆవిరి పట్టించి, దేవుడి మీద భారం వేశానో మీకు తెలీదు. నాకు తెలుసు. నా చేతికి అన్నీ అందే చోట, బీరువా తెరిస్తే మందు ఉండే చోట, ఒక్కసారి డాక్టరుగా బతకాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం లేదు. నాకు కారొద్దు, ఫ్రిజ్జొద్దు."

"ఫ్రిజ్జు మాకు కావాలి" అంది వెనక నుంచి ఎవరో ఆడమనిషి. కొందరు నవ్వబోయి ఆగారు. ఎనెల్సా కూడా కొద్దిగా నవ్వింది. అది ఆమెకు ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చింది.

"బుధవారం రోహెలియోకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. 'వస్తున్నాను' అని రాయాలి. ఆ ఒక్క మాట. రాస్తుంటే బెర్తా చెయ్యి కాల్చుకుని వచ్చింది. కట్టు కట్టి పంపాను. ఆ వెంటనే ఇంకెవరో పంటి నొప్పి అన్నారు. తిరిగొచ్చి కూర్చుంటే ఆ మాట నా చేత్తో రాయబుద్ధి కాలేదు. ఎందుకని అడక్కండి. పెద్ద మాటలు చెప్పడం నాకు రాదు. 'రాలేను, నా కోసం చూడకు' అని రాసి కవరు అంటించాను. పొద్దున్నే లారీ అతని చేతికిచ్చాను. వెళ్తే రెండేళ్ళకి తిరిగొచ్చేదాన్నే. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం."

"పైగా వెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళని ఎనిమిదేళ్ళు దేశంలో కాలు పెట్టనివ్వరు" అన్నాడు ముందు వరుసలోని ముసలాయన, సాక్ష్యం చెప్తున్నట్టు. "అప్పటికి క్లెమెన్సియా ఉంటుందో లేదో అని కూడా ఆలోచించుకుని ఉంటుంది పాపం."

"నేను ఎనిమిదేళ్ళు బతకనని నీకెవరు చెప్పారు?" క్లెమెన్సియా పైపు తీసి అతని వైపు గురిపెట్టింది. "నీ తద్దినం భోజనం తిని మరీ పోతాను."

నవ్వులు సద్దుమణిగాక ఎల్పీదియో సంచిలోంచి కరాకస్ కాగితం తీశాడు. దాన్ని చేతుల మధ్య సాగదీసి చూస్తూ అన్నాడు. "నేను విననట్టు నటించలేను ఎనెల్సా. అరవై మంది ముందు చెప్పావు. రేపు ఎవరైనా పైకి రాస్తే నా ఉద్యోగమూ ఉండదు, నీ పేరూ ఉండదు. ఒక్కటి మాత్రం రాస్తాను. ఈ విషయం ఎవరో చెప్తే తెలియలేదు, తనంతట తానే చెప్పిందని."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. కరాకస్ అయిపోయింది.

ఎనెల్సాకు గుండెల మీంచి బరువు దిగినట్టూ ఉంది, చేతిలోంచి ఏదో జారిపోయినట్టూ ఉంది. నిండుగా మందులున్న ఆ బీరువాను ఎన్ని రాత్రులు కళ్ళు మూసుకుని తెరిచి చూసుకుందో ఆమెకే తెలుసు. ఇక దాని తలుపు మూసుకుపోయినట్టే. వాల్ఫ్రీదో నేల చూపులు చూస్తున్నాడు. అతను కోరుకున్నదే జరిగింది. డాక్టరమ్మ కొండ మీదే ఉంటుంది. అయినా గెలిచిన మనిషి అలా నిలబడడు.

"తప్పైపోయింది డాక్టరమ్మా" అన్నాడు ఎట్టకేలకు. "నేను... మిరెల్దా గురించి..."

"తెలుసులే. నువ్వు అడగకపోతే ఈ మాటలు నా కడుపులోనే కుళ్ళిపోయేవి. కూర్చో."

జనం లేవబోతున్నారు. "ఆగండి" అన్నాడు ఎల్పీదియో. సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. ఇది అచ్చు కాగితం కాదు. ఆ పొద్దున ఫోన్లో చెప్తుంటే గుమాస్తా చేత్తో రాసుకున్నది.

"ఇందాక చెప్పాల్సింది ఇదే ముందు. ధైర్యం చాల్లేదు" అన్నాడు. "హైతీలో కలరా రేగింది. రేడియోలో విన్నారు. జనవరిలో భూకంపం, ఇప్పుడిది. మనవాళ్ళు అక్కడ ఎప్పట్నుంచో ఉన్నారు, కానీ చాలడం లేదు. ఊళ్ళకి ఊళ్ళు వాంతులు, విరేచనాలు. సూది గుచ్చి సెలైన్ ఎక్కించే చెయ్యి అందితే మనిషి లేచి కూర్చుంటాడు. అందకపోతే ఒక్క పూటలో పోతాడు. అక్కడి క్రియోల్ భాష వచ్చిన డాక్టర్లు కావాలంటున్నారు. రోగి దాహమంటున్నాడో నొప్పంటున్నాడో తెలియక చచ్చిపోతున్నామని అక్కడి నుంచి కబురు. మన కొండల్లో హైతీ నుంచి కాఫీ కోతకొచ్చిన వాళ్ళ సంతతి ఉంది కాబట్టి ముందు మనల్నే అడిగారు." ఆయన ఎనెల్సా వైపు చూసి, మీసం కింద చిన్నగా నవ్వాడు. "అక్కడికైతే నిన్ను పంపడానికి నాకేం భయం లేదు. అక్కడ ఎవడూ వీసా ఇచ్చి ఎత్తుకుపోడు."

చమురు గురించి అడిగిన నోళ్ళకు ఈసారి అడగడానికి ఏమీ తోచలేదు. హైతీ దగ్గర ఇవ్వడానికి ఏముందని?

"గ్వాంతానమో ఆసుపత్రి నుంచి ముగ్గురు ఇప్పటికే పేరిచ్చారు. రేపు ఉదయం సాంతియాగో నుంచి విమానం." ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "డాక్టర్ లాసరో మెంగానా. డాక్టర్ ఒరెస్తెస్ ఫీస్. డాక్టర్ యానిసె దువెర్హెల్ లిమోంతా."

మూడో పేరు దగ్గర ఆయన గొంతు తగ్గింది. ఇంటి పేరు చూసుకోకుండా చదివేశాడు పాపం.

ఎనెల్సా కూతురి వైపు తిరిగింది. మధ్యాహ్నం ఆ పిల్ల సంచీ ఎత్తబోతే ఇంత బరువేమిటా అనుకుంది. ఇప్పుడు అర్థమైంది.

"చెప్పాలనే వచ్చానమ్మా" అంది యానిసె. "నువ్వే రేపో మాపో వెళ్ళిపోతుంటే, నీ ప్రయాణం చెడగొట్టినట్టవుతుందని..."

"ఎప్పుడిచ్చావు పేరు?"

"సోమవారం. అడిగిన పావుగంటకే. నాకు క్రియోల్ వచ్చు కదా. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది ఇంకెందుకు పనికొస్తుంది?"

ఎనెల్సాకు ఆ భాష రాదని అందరూ అనుకుంటారు. చిన్నప్పుడు బడిలో 'హైతీదాని కూనా' అని పిల్లలు వెక్కిరిస్తే, ఒకరోజు ఇంటికొచ్చి తల్లితో ఇక ఆ భాషలో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. అప్పుడామెకు ఏడేళ్ళు. ఆ తరవాత నలభై ఏళ్ళు తల్లి ఆ భాషలో అడిగింది, ఆమె స్పానిష్‌లో జవాబు చెప్పింది. మనవరాలు మాత్రం ముసలావిడ ఒళ్ళో కూర్చుని పాటలతో సహా నేర్చేసుకుంది.

కూతురు వెళ్తానంటే గర్వపడాలి. గర్వంగానే ఉంది. కానీ ఆ గర్వం కింద నుంచి కత్తిలాంటిదేదో గుచ్చుకుంది. ఇరవై అయిదేళ్ళ పిల్ల. కలరా అంటే పుస్తకంలో చదివిందే. గుడారంలో వరసగా నలభై మంచాలు, ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళేలోగా మొదటి మంచం ఖాళీ అయిపోతే ఆ చెయ్యి వణక్కుండా ఎవరు పట్టుకుంటారు?

"ఇంకొకరు కావాలి" అన్నాడు ఎల్పీదియో మెల్లగా. "గుడారం నడపగల పెద్ద మనిషి. పాకిస్తాన్ మంచులో చేసినవాళ్ళుంటే మంచిదన్నారు. నేను నీ పేరే అనుకున్నాను. కానీ..." ఆయన కళ్ళు మిరెల్దా పొట్ట వైపు వెళ్ళి తిరిగొచ్చాయి. "నేను జీపెక్కేలోగా చెప్పాలి. బలవంతం లేదు."

అరవై జతల కళ్ళు ఎనెల్సా మీద ఉన్నాయి. ఆమె మాత్రం ఎవరినీ చూడలేదు. మిరెల్దా రక్తపోటు లెక్కలు ఆమెకు కంఠతా వచ్చు. గత మూడు వారాలుగా అవి పైకే పోతున్నాయి. అయిదో నెల నుంచీ కింద పట్నంలో ప్రసూతి గృహానికి వెళ్ళి ఉండమని ఆమె పోరుతోంది. అక్కడ రోజూ చూసేవాళ్ళుంటారు, తిండి పెడతారు, పడక ఉంటుంది. పరాయివాళ్ళ మధ్య పెళ్ళాన్ని వదలనని వాల్ఫ్రీదో మొండికేశాడు. 'మీరుండగా మాకేం భయం డాక్టరమ్మా' అన్నాడు. అదే అతని ధీమా.

బల్ల కిర్రుమంది. మిరెల్దా లేచింది. ఎవరైనా సాయం చేసేలోపే, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎల్పీదియో నిలబడ్డ చోటికి నడిచి వచ్చింది. ఊళ్ళో ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడని మనిషి.

"జీపులో చోటుందా?" అంది.

"ఎవరికమ్మా?"

"నాకు. ప్రసూతి గృహం దగ్గర దింపండి. బట్టలు మూట కట్టి పది రోజులైంది. మంచం కింద పెట్టుకుని కూర్చున్నాను, ఈయన ఎప్పుడు సరేనంటాడా అని."

"మిరెల్దా!" అన్నాడు వాల్ఫ్రీదో.

"నువ్వు మాట్లాడకు." ఆమె వెనక్కి కూడా తిరగలేదు. "ఒకసారి ఈమె పిడికిలి పెట్టి నా ప్రాణం పట్టుకుంది. ఆ చెయ్యి నా ఒక్కదాని కోసం ఇక్కడ కట్టి పడేస్తే, రేపు పుట్టినవాడి మొహం నేను చూడలేను. అక్కడ కూడా ఎవరో ఒకామె కడుపుతో ఉండి ఉంటుంది. ఆమెకి మొగుడున్నాడో లేడో." తరవాత ఎనెల్సా వైపు చూసి, సగం సిగ్గుతో అంది. "మీరు చెప్పిన ఉప్పు లేని కూడే తింటాను డాక్టరమ్మా. ఒట్టు."

వాల్ఫ్రీదో ఇంటి వైపు నడిచాడు. ఆ మూట తేవడానికే వెళ్తున్నాడని అందరికీ అర్థమైంది. అతను పక్కనుంచి వెళ్తుంటే జనం దారిచ్చారు. ముందు వరుసలోని ముసలాయన టోపీ తీశాడు. అది వాల్ఫ్రీదో కోసమో, మిరెల్దా కోసమో, యానిసె కోసమో ఆయనకే తెలియాలి.

ఎనెల్సా మిరెల్దా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. అలవాటు. వదిలాక కోటు జేబులోంచి కలం తీసింది.

"ఎక్కడికో చెప్పలేదు మీరు" అంది ఎల్పీదియోతో. "ఏ ఊరు?"

"అర్తిబోనీత్ లోయ. మొదలైందే ఆ నది దగ్గర." ఆయన కాగితం వెలుతురు వైపు తిప్పాడు. "ఊరి పేరు పెతిత్ రివియేర్."

ఊగుడు కుర్చీలోంచి క్లెమెన్సియా లేచి నిల్చుంది. ఎవరి చెయ్యీ ఊతం పట్టుకోకుండా ఆమె లేవడం ఊరు చూసి చాలా ఏళ్ళైంది. పైపు కింద పడింది. ఆమె చూసుకోలేదు.

"ఏ ఊరన్నావు నాయనా? మళ్ళీ చెప్పు."

"పెతిత్ రివియేర్, పెద్దమ్మా."

"అక్కడ చర్చి దాటితే ఒక గుట్ట. గుట్ట మీద పాడుబడ్డ కోట. కోట మీంచి చూస్తే నది పాములా కనిపిస్తుంది." ఆమె ఎవరితోనూ చెప్తున్నట్టు లేదు. "పైకెక్కితే మా అమ్మ తిట్టేది."

"అమ్మమ్మా, నువ్వు పుట్టింది ఇక్కడే కదా?" యానిసె ఆమె భుజం పట్టుకుంది. ఊరంతటికీ తెలిసిన సంగతే అది. ఈ కొండ మీద కాఫీ కూలీల పాకల్లో పుట్టింది క్లెమెన్సియా. గుర్తింపు కార్డులోనూ అదే ఉంది.

"ఆ కార్డు మా నాన్న రాయించిన అబద్ధం" అంది ముసలావిడ. "హైతీ వాళ్ళని తుపాకులు పెట్టి తోటల్లోంచి పట్టుకెళ్ళి, ఓడలెక్కించి వెనక్కి పంపేసిన రోజుల్లో రాయించాడు. 'ఎవరడిగినా ఇక్కడే పుట్టానను' అన్నాడు. డెబ్భై అయిదేళ్ళు అదే అన్నాను. నీ తాతకి కూడా అదే చెప్పాను. నేను అయిదేళ్ళ పిల్లగా పడవలో వచ్చాను తల్లీ. అమ్మ రేవు దాకా వచ్చింది. నన్ను నాన్న చేతికిచ్చింది. పసిదాన్ని మాత్రం చంకలోంచి దించలేదు. 'ఇది పాలు మానాక వస్తాం' అంది. రాలేదు."

ఎనెల్సాకు తన చెవుల్నే నమ్మబుద్ధి కాలేదు. నలభై ఏడేళ్ళుగా తన తల్లిని తనే ఎరగదు. ఆమె దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ముడతలు పడ్డ చేతులు రెండూ పట్టుకుంది. బడిలో ఒట్టు పెట్టుకున్న రోజు నుంచీ నోట్లోకి రానివ్వని భాషలో, తడబడుతూ, ఒక్కొక్క మాటే కూడగట్టుకుంటూ అడిగింది.

"ఆ పసిదాని పేరేమిటమ్మా?"

కూతురు ఏ భాషలో అడిగిందో క్లెమెన్సియాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. తెలిశాక, అంతసేపూ ఆపుకున్న కన్నీళ్ళు ఒక్కసారిగా దిగాయి.

"ఎలిజియెన్" అంది. "మా ఎలిజియెన్. ఎలిజియెన్ సెంఫ్లెర్."

ఎల్పీదియో కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చేతిలోని కాగితం అడుగు వరుస ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. దగ్గరికి వచ్చి, ఆ కాగితాన్ని ఎనెల్సా కళ్ళ ముందు పెట్టి, వేలితో ఆ వరుస చూపించాడు.

'గుడారాలు వేసిన చోటు: చర్చి వెనక, ముసలావిడ ఎలిజియెన్ సెంఫ్లెర్ పెరడు. స్థలం ఆవిడే ఇచ్చింది.'

దాని కింద, తరవాత వచ్చిన కబురు కాబోలు, గుమాస్తా హడావిడిగా పెన్సిలుతో గిలికి ఉన్నాడు.

'ఇవాళ పొద్దున ఆవిడకీ సోకింది.'